ఏబీఎస్ లైటు, నాలుగో విడత: దొంగ సెన్సర్ కాదు, తీగ

దొరికింది! మూడు ఆదివారాలు మింగేసిన లైటు ఇది: నా కారు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) హెచ్చరిక దీపం. స్కానర్ చూపే లోపం కోడ్ మొదటి నుంచీ ఒకటే: సీ0035, ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. (కారుకు తగిలించి కోడ్‌లు చదివే ఈఎల్‌ఎం327 అడాప్టర్ చవక నకళ్లకు ఉచిత యాప్ తగిలిస్తే ఇంజిన్ కోడ్‌లు చూసి అంతా బాగుందంటాయి. ఏబీఎస్ మాడ్యూల్‌ని, అంటే దాని కంప్యూటర్‌ని, చదివే స్కానర్ లేకుండా ఈ పనికి దిగడం దండగ.) కోడ్‌లో సెన్సర్ పేరుంది కదా అని సెన్సర్ మార్చడం మొదటి తప్పు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు మళ్లీ వెలిగింది.

లైవ్ డేటాలో, నేరుగా 40 కి.మీ. వేగంతో వెళ్తుంటే నాలుగు చక్రాలదీ ఒకే అంకె. స్టీరింగ్ కుడికి చివరిదాకా తిప్పి 10 కి.మీ.లో నడిపితే మాత్రం ఎడమ ముందుది 0కి పడి లేస్తోంది. ఎన్‌కోడర్ (చక్రంతో తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే అయస్కాంత రింగు) పోతే నేరుగా వెళ్లినా పడాలి.

ఇది యాక్టివ్ సెన్సర్ (కరెంటు అందితేనే పనిచేసే రకం), ఓమ్స్ (నిరోధం) కొలిచి లాభం లేదు. మీటర్‌ని సిరీస్‌లో పెట్టి చక్రం చేత్తో తిప్పితే 6.9, 13.8 మిల్లీఆంపియర్ల మధ్య గెంతింది. అంటే సెన్సర్ బాగుంది. కనెక్టర్ ఊడదీసి హార్నెస్ (కారు తీగల కట్ట) వైపు చూస్తే 11.8 వోల్టులు. మోసమంతా ఇక్కడే! లోడు లేనప్పుడు ఒక్క పోగు మిగిలినా మీటర్ నిండు వోల్టేజే చూపిస్తుంది.

అందుకే లోడు టెస్టు. తీగ రెండు కొసలూ విప్పి (మాడ్యూల్ కలిపి ఉండగా చేస్తే అది కాలిపోతుంది), 1 ఆంపియర్ ఫ్యూజుతో బ్యాటరీ నుంచి ఆ తీగ గుండానే 5 వాట్ల బల్బు వెలిగించాలి. ఒక తీగలో డ్రాప్ (తీగలోనే పోయే వోల్టేజి) 0.06 వోల్టు. రెండోదాంట్లో స్టీరింగ్ నేరుగా ఉంటే 0.3, కుడి చివర 4 దాటి బల్బు మినుకుమంది.

తెగింది స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్సార్బర్) మీద తీగను పట్టి ఉంచే రబ్బరు గ్రామెట్‌కు 3 సెం.మీ. పైన. తొడుగు మీద గీత కూడా లేదు, లాగితే మాత్రం అక్కడే సాగి సన్నబడింది. కోస్తే లోపల రాగి పచ్చబారి పొడిపొడి. ఈ కారులో కనెక్టర్ నకిల్ (చక్రం బిగించే ఇనుప భాగం) దగ్గరే ఉంటుంది కాబట్టి కొత్త సెన్సర్‌తో ఈ ముక్క మారలేదు. మునుపు సస్పెన్షన్ విప్పినప్పుడు గ్రామెట్‌ని బ్రాకెట్‌లో సరిగ్గా కూర్చోబెట్టకపోవడంతో వంపంతా ఒకే చోట పడి ఉంటుందని అనుమానం. హైదరాబాద్ గుంతలు మిగతా పని పూర్తిచేశాయి.

60 సెం.మీ. ముక్క మార్చి, పాత మెలికలే ఉంచి, కదలని చోట క్రింప్ చేసి (గొట్టంలో పెట్టి నొక్కి కలిపి) జిగురు ష్రింక్ (వేడికి ముడుచుకునే తొడుగు) వేశాక లైటు ఆరింది. కదిలే తీగకు సోల్డర్ వద్దు. ఆ టంకం పోగుల్లోకి పాకి తీగ బిరుసెక్కుతుంది, దాని అంచు దగ్గరే మళ్లీ తెగుతుంది.

కుడివైపు గ్రామెట్ కూడా వదులుగానే ఉంది. వచ్చే ఆదివారం దానికీ బల్బు టెస్టు. వెనక బేరింగ్ రొదపెడుతోంది. కొత్తది బిగించే ముందు ఎన్‌కోడర్ ఏ వైపు ఉందో మాగ్నెట్ కార్డుతో (అయస్కాంతం ఉన్నచోట గుర్తు చూపే కార్డు) చూసుకోవాలి, తిరగేసి దిగితే సిగ్నలే రాదు.