కబడ్డీ కోర్టుకు మూలమట్టం: క్లబ్బులో నా ఆరు నెలలు

సర్వేయరుగా పనిచేసి 62 ఏళ్లకు రిటైరయ్యాను. అనంతపురంలో మా ఇంటికి దగ్గర్లో పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పే చిన్న క్లబ్బు ఒకటుంది. నాకు ఆట నేర్పడం రాదు, కొలవడం వచ్చు. గీతలు వేసే పని నాకివ్వమని అడిగి తీసుకున్నాను.

మే నెల, మొదటి వారం. పాత కోర్టును టేపు పట్టి చూశాను. మగవాళ్ల కోర్టుకు ఉండాల్సిన 13, 10 మీటర్లు ఉన్నాయి గానీ, కర్ణాలు రెండింటికీ 40 సెంటీమీటర్ల తేడా. అంటే కోర్టు మొత్తం ఒక పక్కకు ఒరిగింది. కూతకెళ్లినవాడు బాక్ లైన్ (అవతలి జట్టు సగంలో మధ్య గీతకు సమాంతరంగా ఉండే గీత) దాటాడా లేదా అన్నదాని మీద కూత చెల్లడం ఆధారపడే ఆటలో ఇది చిన్న తప్పు కాదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సరిచేసిన పద్ధతి మన బేల్దారులు పునాదికి వాడేదే. మూలలో మేకు కొట్టి, ఒక పక్క 3 మీటర్ల దగ్గర, రెండో పక్క 4 మీటర్ల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య సరిగ్గా 5 వచ్చేదాకా దారం జరపాలి. చివర్లో కర్ణాలు రెండూ 16.40 మీటర్లు రావాలి. ఆడపిల్లల కోర్టు 12, 8 మీటర్లు కాబట్టి అక్కడ 14.42. మధ్య గీత నుంచి బాక్ లైన్ మగవాళ్లకు 3.75 మీటర్లు, ఆడపిల్లలకు 3. అదనపు పాయింటు కోసం దాటే బోనస్ లైన్ అక్కణ్ణుంచి మరో మీటరు.

జూన్‌లో ఒక తప్పు చేశాను. చవగ్గా వస్తుందని సున్నం తెచ్చి గీతలు వేశాను. పట్టుకోబోయి పడిన పిల్లవాడికి మోకాలు గీరుకుంది. ఆ గాయంలో సున్నం పడి మంటకు ఏడ్చేశాడు. చాలాసేపు నీళ్లు ధారగా పోసి కడిగాం. కంట్లో పడి ఉంటే ఏమయ్యేదో! ఆ రోజు నుంచి సుద్ద ముగ్గుపిండి తప్ప వేరేది వాడలేదు. పిల్లల మైదానంలో సున్నం వేసేవాళ్లు దయచేసి మానేయండి.

ఆషాఢంలో మన గాలి సంగతి తెలిసిందే, పొద్దున వేసిన గీత పదింటికల్లా ఉండదు. ముందు నేల తడిపి, పిండిని నీళ్లలో జారుగా కలిపి డబ్బాతో పోస్తే నిలుస్తోంది.

మొదట్లో ఒక్క కోర్టుకు రెండున్నర గంటలు పట్టేది. ఇప్పుడు నలభై నిమిషాలు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు టేపు చివర పట్టుకుంటారు. కర్ణం కుదరకపోతే "సార్, మూడు సెంటీమీటర్లు ఎక్కువ" అని వాళ్లే మేకు పీకేస్తున్నారు.

డిసెంబరులో 200 మీటర్ల ట్రాక్ వేయాలి. లెక్క కట్టి పెట్టుకున్నాను: వంపుల లోపలి గీతకు వ్యాసార్థం 17.80, నేరు గీతలు ఒక్కోటి 43.45. పరుగెత్తే దారిని గీతకు 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు కాబట్టి మొత్తం సరిగ్గా 200 వస్తుంది. నాలుగు లేన్లకు 89 మీటర్ల పొడవు, 46 వెడల్పు చాలు. తూర్పు పక్క కంప చెట్లు కొట్టిస్తే ఆ స్థలం దొరుకుతుంది.