బల్ల దగ్గర వినపడే సువార్త

"మీరు ఈ రొట్టెను తిని, యీ పాత్రలోనిది త్రాగునప్పుడెల్ల ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుదురు." (1 కొరింథీయులకు 11:26)

క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడాన్ని మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొందరు ప్రభు బల్ల అంటారు, కొందరు సంస్కారం అంటారు. ఏ పేరుతో పిలిచినా ఈ వచనం చదివాకే రొట్టె చేతికొస్తుంది. అయితే "ప్రచురించుదురు" అన్న దగ్గర చెవి ఆగదు. ఇప్పుడు ప్రచురణ అంటే అచ్చువేయడమే కదా. పాత బైబిలు తెలుగులో మాత్రం దానికి చాటడం అని అర్థం. ఇదే పత్రికలో 9:14లో "సువార్త ప్రచురించువారు" అన్నచోటా ఇదే మాట, గ్రీకులోనూ రెండుచోట్లా ఒకటే క్రియ. అంటే ఈ పత్రిక రాసిన పౌలు లెక్కలో రొట్టె తినే సంఘమంతా ప్రసంగీకులే.

సువార్త బయటివాళ్లకు మైకులో చెప్పేదనీ, బాప్తిస్మం అయినవాళ్లకు ఇక "లోతైన వాక్యం" కావాలనీ మన సంఘాల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. ఆ లోతు ఏమిటో పౌలుకు తెలిసినట్టు లేదు. నమ్మి ఏళ్లయిన కొరింథువాళ్లకే 15వ అధ్యాయంలో మళ్లీ మొదటికొచ్చి చెప్పాడు: క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు.

అచ్చు సంగతి ఎలాగూ వచ్చింది. పక్కనే విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ పని 1805లో మొదలైంది. అక్కడ మిషనరీ దెగ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి తెలుగులోకి తెచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చదువు రానివాళ్లు ఆ పుస్తకం తెరవలేరు. రొట్టె విరగడం మాత్రం వెనక చాప మీదివాళ్లకు కూడా కనపడుతుంది.

కనపడేలా చేస్తేనే! బేకరీ రొట్టెను శనివారమే ముక్కలు కోసి పళ్లెంలో పెట్టేస్తే పని తేలికే, కానీ "విరిచి" అని చదివినప్పుడు విరవడానికి ఏమీ మిగలదు. ఒక రొట్టెను మాత్రం కోయకుండా ఉంచాలి. దాన్ని పాస్టరుగారు అందరూ చూస్తుండగా నిదానంగా విరవాలి. 10:17లో "రొట్టె యొక్కటే గనుక" అన్న మాటకు ఆధారం కళ్లెదుట ఉంటుంది. మిగతా ముక్కలు వేలి కణుపంత చాలు. గట్టి అంచు తీసేయాలి, పళ్లు లేని పెద్దవాళ్లు నమలలేరు. ఫ్యాను కింద మూత లేకుండా ఉంచితే ప్రసంగం ముగిసేలోపే ఎండి పొడిపొడి అవుతుంది, ఉతికిన గుడ్డ కప్పాలి.

ద్రాక్షరసం దగ్గరే ఎక్కువగా చెడుతుంది. నూరుమందికి చిన్న గిన్నెకు పది మిల్లీలీటర్ల చొప్పున లీటరు కావాలి. పావుకిలో నల్ల ఎండుద్రాక్ష కడిగి, లీటరుంపావు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారాక పావుగంట మరిగించి, మెదిపి, పలచటి గుడ్డలో వడకట్టి, లీటరుకు తగ్గితే కాచిన నీళ్లు కలపాలి. పంచదార అక్కర్లేదు. స్టీలు గిన్నె వాడాలి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు తగిలితే కిలుము దిగుతుంది. వేసవిలో శనివారం సాయంత్రమే కాచి బయట ఉంచితే ఆదివారానికి బుడగలు వచ్చి పులిసిన వాసన కొడుతుంది. అప్పుడు అందులో పంచదార కలిపి సర్దుకోకూడదు, పారబోసి మళ్లీ కాయాలి.

ఇంతకంటే పెద్ద తప్పు మాటలో జరుగుతుంది. "అయోగ్యముగా" (11:27) తినకూడదని గట్టిగా హెచ్చరించగానే కొందరు తలవంచుకుని బయటికి నడుస్తారు. ఎక్కువగా ఇంట్లో గొడవపడి వచ్చిన ఆడవాళ్లు, మానలేని తాగుడుతో కుమిలే మగవాళ్లు. ఆ మాట తినే తీరును గురించినది, తినే మనిషి యోగ్యతను గురించి కాదు. తరవాతి వచనం చూడండి: తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని". పరీక్షించుకుని వెళ్లిపొమ్మనలేదు. యోగ్యులకే అయితే అది సువార్త ఎందుకవుతుంది?

కొరింథులో అయోగ్యత ఏమిటో 21, 22 వచనాల్లోనే ఉంది: ముందొచ్చినవాళ్లు తినేశారు, లేనివాళ్లు ఆకలితో మిగిలారు. మన దగ్గర ఉభాల (వరి నాట్ల) రోజుల్లో చోడి (రాగి) అంబలి తాగి పొలానికి పోయినావిడ, కాళ్లకు బురదతోనే ఆఖరి పాటకు చేరుతుంది. అప్పటికి పళ్లేలు ఖాళీ! "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" (11:33) అన్నది సరిగ్గా ఆవిడ గురించే. ఆ నెలల్లో బల్లను ఆరాధన చివరికి జరిపి, పది గిన్నెలు అదనంగా నింపి ఉంచడం పెద్ద పనేమీ కాదు.

కులాన్నిబట్టి వరసలో ముందూ వెనకా చేస్తే మాత్రం అది ఏర్పాట్లలో లోపం కాదు. అంతియొకయ పట్టణంలో పేతురు యూదులు కాని అన్యజనులతో భోజనం మానుకుంటే, అతను "సువార్త సత్యము చొప్పున" నడవలేదని పౌలు అందరి ఎదుటే నిలదీశాడు (గలతీ 2:14). పేతురు ప్రసంగంలో తప్పు పట్టలేదు, కూర్చున్న చోటును పట్టాడు.

మంచం పట్టినవాళ్లకు అదే మధ్యాహ్నం తీసుకెళ్లాలి. మూత బిగిసే సీసాలో కొంచెం రసం, శుభ్రమైన డబ్బాలో విరిచిన రొట్టె ముక్కలు. ఊరికే చేతిలో పెట్టి ప్రార్థన చేసి వచ్చేయకుండా, 11:23 నుంచి 26 దాకా నాలుగు వచనాలు పెద్దగా, ఆగి ఆగి చదవాలి. మింగడం కష్టమైతే ముక్కను రసంలో ముంచి ఇవ్వవచ్చు. పక్కన కోడలో మనవడో ఉంటే, వాళ్లనూ కూర్చోమని చెప్పి మొదలుపెట్టాలి.