ఇంటి బయటి గోడలు కడిగించేటప్పుడు నేను తెలుసుకున్నవి

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బయటి గోడలు నల్లబడటం మామూలే. విశాఖపట్నంలో మా మామగారు 1990లలో కట్టించిన రెండంతస్తుల ఇంటికి కూడా ఉత్తరపు గోడ నిండా, పిట్టగోడల అంచుల వెంట, సన్‌షేడ్ల కింద నల్లటి పాచి పట్టింది. ఈసారి సంక్రాంతికి ముందు రంగులు వేయించాలనుకున్నాము. పాచి మీద వేసిన రంగు ఎక్కువ కాలం నిలవదు కాబట్టి ముందు గోడలు కడిగించాలి. మా బంధువుల ఇళ్లలో రెండు చోట్ల ఇలా కడిగించిన తరువాతే గోడల లోపలికి చెమ్మ దిగి, కొత్త రంగు ఏడాది తిరగకుండానే పొక్కిపోయింది. ఆ సంగతి మనసులో ఉండటం వల్ల పని మొదలుపెట్టక ముందే అనుభవమున్న ఒక పెయింటింగ్ మేస్త్రిని పిలిపించి, ఆయన గోడలను చూస్తున్నంతసేపూ వెంట తిరిగి, సందేహం వచ్చిన ప్రతిచోటా అడిగి తెలుసుకున్నాను.

ఆయన మొదట పరిశీలించినది గోడలను కాదు, నీరు వచ్చే దారులను. ఎక్కడ నలుపు చారలుగా దిగిందో అక్కడ పైన ఏదో ఒక నీటి మూలం ఉంటుందని చెప్పి, ఒక్కొక్క చారనూ పైకి వెతుక్కుంటూ వెళ్లారు. పడమటి గోడ మీద ఉన్న పెద్ద చార మేడ మీది నీళ్ల ట్యాంకు పొంగినప్పుడల్లా కారే నీటిది. వంటింటి వైపు ఉన్నది ఏసీ నుంచి కారే నీటి గొట్టానిది. సన్‌షేడ్ల కింద నలుపు రావడానికి కారణం వాటి అడుగున అంచు వెంట నీటి గాడి లేకపోవడం. ఆ చిన్న గాడి ఉంటే వాన నీరు అక్కడే తెగి కింద పడుతుంది. లేకపోతే సన్‌షేడ్ అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని వెనక్కి జారి గోడ మీదికి చేరుతుంది. "ఇవి సరిచెయ్యకుండా కడిగిస్తే, అమ్మా, వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే గోడ చూస్తారు" అన్నారాయన. అందుకని ట్యాంకులో బంతి వాల్వు మార్పించి, ఏసీ గొట్టాన్ని కింద తూము దాకా పొడిగించి, సన్‌షేడ్ల అంచులకు సిమెంటుతో గాడి తీయించిన తరువాతే కడగడం గురించి ఆలోచించాము. ఈ పనులకు అయిన ఖర్చు రంగుల ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. బయటి గోడలు కడిగించబోయే వారెవరికైనా నేను చెప్పదలచుకున్న మొదటి విషయం ఇదే.

రెండవది పగుళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, గాలికి అడ్డంగా కొట్టిన వాన కిటికీ చట్రాల అంచుల నుంచి మా ఇంట్లోకి వచ్చింది. మామూలు వానలకు ఆ సందులు ఎన్నడూ కారలేదు. ఒత్తిడితో నీరు కొట్టే యంత్రం కూడా అటువంటి సందుల్లోకే నీటిని నెడుతుంది. కాబట్టి కడగడానికి ముందే కిటికీల చుట్టూ, గోడల్లోంచి గొట్టాలు బయటికి వచ్చే చోట్ల, పిట్టగోడ మీద ఉన్న వెంట్రుకవాసి పగుళ్లను కూడా వెతికి మూయించాము. చాలామంది ముందు కడిగించి, పగుళ్లను పుట్టీ పెట్టే సమయానికి వాయిదా వేస్తారు. పగులు శుభ్రంగా ఉంటేనే పూడ్చినది పట్టుకుంటుందన్న మాట నిజమే గాని, దానికోసం గోడంతటినీ తడపనవసరం లేదు. పగులు వరకు గీకి, బ్రష్‌తో దుమ్ము దులిపితే సరిపోతుంది.

కింది భాగంలో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తెల్లటి పొడి తేలి ఉంది. అది గోడలోని లవణాలు నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆవిరైన తరువాత మిగిలిన ఉప్పు. దాన్ని నీటితో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే ఇంకిపోతుంది, గోడ ఆరేటప్పుడు తిరిగి బయటికి వస్తుంది. అందువల్ల ఆ భాగాన్ని ముందు పొడిగా, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని ఊడ్చి బయట పారేశారు. ఇనుప తీగల బ్రష్ వాడవద్దని మేస్త్రి పనివాళ్లకు గట్టిగా చెప్పారు. తీగ ముక్కలు గోడలో ఇరుక్కుని తుప్పు పట్టి, కొత్త రంగులోంచి గోధుమరంగు చుక్కలుగా బయటపడతాయట. కొబ్బరి పీచు గాని నైలాన్ గాని ఉన్న బ్రష్‌లే మా గోడలకు వాడాము.

ఇక పాచి. నల్లగా కనిపించేదంతా మట్టి కాదు. అది చెమ్మలో పెరిగే నాచు, బూజు. నీటితో ఎంత బలంగా కొట్టినా పైపొర మాత్రమే పోతుంది, గోడ రంధ్రాల్లో మిగిలినది మళ్లీ పెరుగుతుంది. దాన్ని చంపడానికి బ్లీచింగ్ పౌడరు వాడాము, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున. ఇక్కడ గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. బ్లీచింగ్ పౌడరు గాలి తగిలేలా ఉంచితే బలం కోల్పోతుంది కాబట్టి ఎప్పుడో తెరిచిన పొట్లం పనికిరాదు. నీటిలో కలిపిన తరువాత అడుగున సున్నపు మడ్డి మిగులుతుంది. పైన తేరిన నీటిని వడగట్టి వాడాలి, లేకపోతే గోడ మీద తెల్లటి మరకలు పడటమే గాక పిచికారీ మూసుకుపోతుంది. ద్రావణాన్ని కింది నుంచి పైకి రాసుకుంటూ పోవాలి. పై నుంచి మొదలుపెడితే పొడి గోడ మీదుగా ధారలు కారి, ఆ చారలు కడిగిన తరువాత కూడా కనిపిస్తాయి. కడిగేటప్పుడు మాత్రం పై నుంచి కిందికి రావాలి. రాసిన తరువాత పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచాలి గాని ఆరనివ్వకూడదు. అందుకే ఏ గోడ మీద ఎండ లేదో ఆ గోడనే ఎంచుకుని, ఉదయం పడమటి వైపు, మధ్యాహ్నం తరువాత తూర్పు వైపు పని చేయించాము. పాచి బాగా ముదిరిన చోట రెండవసారి రాయవలసి వచ్చింది. బలం పెంచడం కంటే రెండుసార్లు రాయడమే మేలని మేస్త్రి అభిప్రాయం, నాకూ అదే సబబనిపించింది. గ్రిల్స్ కింద కారిన తుప్పు మరకలకు బ్లీచింగ్ పనికిరాదు, అవి ఇంకా ముదురుతాయి. వాటికి ఆక్జాలిక్ ఆమ్లం పలుచగా కలిపి, ఆ మరకల వరకే, బ్లీచింగ్ అంతా కడిగేసిన తరువాత, వేరే రోజున వాడారు.

వేరే రోజున అనడంలో ప్రాణాలకు సంబంధించిన విషయం ఉంది. బ్లీచింగ్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మన ఇళ్లలో స్నానాల గదులు కడగడానికి వాడే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పాచి తొందరగా పోతుందని దాన్ని బయటి గోడలకు, మెట్లకు కూడా వాడే అలవాటు చాలా చోట్ల ఉంది. యాసిడ్ పోయగానే బుసబుస పొంగి, గోడ తెల్లగా తేలితే, పాచి పోయిందని సంతోషిస్తారు. అలా పొంగేది సిమెంటులోని సున్నపు పదార్థం. సిమెంటు పూత పైపొర కరిగి, ఇసుక బయటపడి, గోడ మునుపటి కంటే ఎక్కువ నీరు పీలుస్తుంది, మరుసటి ఏడు మునుపటి కంటే తొందరగా పాచి పడుతుంది. మా వీధిలోనే ఒక ఇంటివారు మెట్లకు, అరుగుకు వేసిన కడప బండల మీద యాసిడ్ పోయించారు. నునుపంతా పోయి బండలు గరుకుగా, తెల్లగా మచ్చలు పడి, ఏ పాలిష్‌కూ తిరిగి రాలేదు. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయే కాబట్టి వాటికి యాసిడ్ అసలు తగలకూడదు. పైగా ఆ యాసిడ్‌లోని క్లోరైడ్ కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీల తుప్పును పెంచుతుంది. సముద్రపు గాలి ఇప్పటికే చేస్తున్న ఆ నష్టానికి మనం చేయి కలపడం దేనికి? బ్లీచింగ్‌లో కూడా క్లోరైడ్ ఉంటుంది కనుక దాన్ని రాసిన గోడను మంచి నీటితో పూర్తిగా కడగాలి. మా బోరు నీరు ఉప్పన. ఒక అద్దం ముక్క మీద పోసి ఆరబెడితే తెల్లటి మరక మిగిలింది. అందువల్ల చివరిసారి కడగడానికి మున్సిపల్ నీటినే నిలవ చేసుకుని వాడాము.

ఒత్తిడి యంత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య అద్దెకు సులభంగా దొరుకుతున్నందువల్ల ఎక్కువ నష్టం దానితోనే జరుగుతోంది. పది మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి కింది కొళాయికి వచ్చే ఒత్తిడి దాదాపు ఒక బార్. ఇళ్లలో వాడే యంత్రాలు 100 బార్లకు పైగా, అంటే చదరపు అంగుళానికి సుమారు 1,450 పౌండ్ల ఒత్తిడితో నీటిని కొడతాయి. సన్నటి ధారగా దగ్గర నుంచి కొడితే ముప్పై ఏళ్ల నాటి పూత పెచ్చులుగా లేస్తుంది. నాజిళ్లు విడివిడిగా వచ్చే యంత్రాల్లో ఎర్రది సూదిలాంటి ధార, తెల్లది 40 డిగ్రీల వెడల్పుతో విచ్చుకునే ధార. గోడకు తెల్లదే వాడాలి, అది కూడా రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, అవసరమైతేనే దగ్గరికి జరగాలి. ఎవరికీ కనిపించని వెనక గోడ మీద ఒక మూల ముందు ప్రయత్నించి చూశాకే మిగతా చోట్లకు వెళ్లాము. పిట్టగోడ మీది పాత సిమెంటు రంగు అరచేతికి పొడిగా అంటుతోంది. అక్కడ యంత్రం వద్దని చేత్తోనే బ్రష్‌తో కడిగించాము. అన్నిటికంటే ముఖ్యమైనది, నీటిని ఎప్పుడూ గోడకు ఎదురుగా గాని కాస్త కిందికి వాలుగా గాని కొట్టాలి. నేల మీద నిలబడి పైకి కొడితే సన్‌షేడ్ కింది నుంచి, కిటికీ చట్రాల అడుగు నుంచి, ఏసీ గొట్టాల రంధ్రాల నుంచి నీరు లోపలికి పోతుంది. వాన పై నుంచి వస్తుందన్న లెక్కతోనే ఇవన్నీ కడతారు. అలాగని నిచ్చెన ఎక్కి యంత్రం పట్టుకోవడం మరీ ప్రమాదం, మీట నొక్కగానే అది మనిషిని వెనక్కి తోస్తుంది. మేము పై అంతస్తుకు పరంజా కట్టించాము. ఖర్చే, కాని ఆ పరంజా రంగులు వేయడానికి కూడా ఎలాగూ కావలసిందే.

కరెంటు విషయంలో 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ప్లగ్ నుంచే యంత్రానికి లైను తీసుకున్నాము, బయటి లైట్లకు కరెంటు ఆపి, మీటరు పెట్టెకు ప్లాస్టిక్ షీటు చుట్టాము. సర్వీసు వైరు ఇంటికి చేరే మూలను తడి గుడ్డతో తుడవడం కూడా చేయలేదు, వదిలేశాము.

కడిగిన నీరు ఎక్కడికి పోతుందన్నది చాలామంది మరచిపోతారు. మా సంపు మూత వాకిట్లోనే ఉంది. బ్లీచింగ్ కలిసిన నీరు అందులోకి దిగకుండా చుట్టూ తడి మట్టితో కట్ట కట్టి, పైన ప్లాస్టిక్ కప్పాము. మేడ మీది నీటిని ఇంకుడు గుంతకు తీసుకువెళ్లే గొట్టాన్ని కూడా ఆ రోజులకు మూసి, తూము వైపు మళ్లించాము. తులసి కోటలోని మొక్కను కుండీతో సహా పెరట్లోకి మార్చాము. కదల్చలేని మందార, నందివర్ధనం చెట్లను ముందే నీటితో బాగా తడిపి, పని అయిన వెంటనే మళ్లీ కడిగాము. ముందే తడిసిన ఆకు, ముందే తడిసిన మట్టి బ్లీచింగ్‌ను తక్కువగా పీలుస్తాయి.

కిటికీ గ్రిల్స్ పాత ఎనామిల్ రంగు పెచ్చులు లేచి ఉన్నాయి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, పరిమితం చేసే నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందుకని గ్రిల్స్‌ను యంత్రంతో కొట్టించలేదు, పొడిగా గీకించలేదు. కింద ప్లాస్టిక్ పరచి, తడిపి, తడి ఎమరీ కాగితంతో రుద్దించి, రాలినది మూటకట్టి పడేశాము. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ ఒక్క జాగ్రత్తను దయచేసి విడిచిపెట్టవద్దు.

ఆరబెట్టడమే అన్నిటికంటే ఓపిక అడిగిన పని. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఉంటాయి కాబట్టి అవి తగ్గుముఖం పట్టాకే కడిగించాము. తూర్పు, దక్షిణ, పడమటి గోడలు కొద్ది రోజుల్లో ఆరాయి. ఉత్తరపు గోడకు సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా నేరుగా ఎండ తగలదు. చేత్తో తాకితే పొడిగానే అనిపించింది గాని, మేస్త్రి ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి మర్నాడు చూపించారు. లోపలి వైపు నీటి బిందువులు పేరుకుని ఉన్నాయి. గోడలో ఇంకా నీరుందని అర్థం. పండగ దగ్గర పడుతోందని ఇంట్లో అందరూ తొందరపెట్టినా, మిగిలిన మూడు వైపులా రంగు వేయించి ఉత్తరపు గోడను ఆపేశాము. పండగకు వచ్చిన బంధువులు అటువైపు చూసి అడిగారు, ఆరలేదని చెప్పాము. ప్లాస్టిక్ కాగితం కింద చెమ్మ కనిపించడం మానేశాకే, జనవరి చివరలో, ఆ గోడకు ప్రైమర్ పడింది.

ఇకపై పాచి ముదిరేదాకా ఆగకుండా, ఉత్తరపు గోడకు ఎండ తిరిగి వచ్చే ఏప్రిల్‌లో ఏటా ఒకసారి మెత్తటి బ్రష్‌తో, మామూలు నీటితో కడగాలని నిర్ణయించుకున్నాము. వానాకాలం మొదలయ్యే లోపు అది పూర్తిగా ఆరడానికి రెండు నెలల ఎండ మిగిలి ఉంటుంది.