దివిశ, మా మస్తానమ్మవ్వ

ఆదివారం, నెల్లూరు.

ఈరోజు మూలాపేటలో మా చెల్లి కూతురికి పేరు పెట్టారు. దివిశ. మా బావ దినేష్‌లో ‘ది’, చెల్లి విశాలలో ‘విశ’. పూర్వాభాద్ర నాలుగో పాదం, ‘దీ’ అక్షరంతో రావాలన్న పంతులుగారికి ‘ది’తో సర్దిచెప్పారు.

పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో బావ రాస్తుంటేనే పెదనాన్న అడిగాడు, ‘‘అర్థమేంది?’’ అని. బావ ఫోన్ తీసి దుర్గాదేవి అని చూపించాడు. పెదనాన్న రిటైరైన తెలుగు మాస్టారు, ఊరుకుంటాడా! ‘‘దివి, ఈశ కలిస్తే దివీశ అవుతుంది. సవర్ణదీర్ఘం. ఇది సంధీ కాదు, సమాసమూ కాదు, అతుకు’’ అనేశాడు. నా పేరులో ‘వి’కి దీర్ఘం లేదుగా అని చెల్లి పేచీ. నా ఓటు చెల్లికే. మా ఇద్దరి పేర్లూ కలిపామని చెప్తే సరిపోయేది, దుర్గాదేవిని సాక్ష్యానికి పిలవడమెందుకు?

అయినా అతుకు పేర్లు మనకేం కొత్త? సీతారామయ్య, లక్ష్మీనారాయణ, ఉమామహేశ్వరం, అన్నీ ఆలుమగల పేర్లే. 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరు తిక్కన భారతాన్ని అంకితమిచ్చిన హరిహరనాథుడు కూడా హరినీ హరునీ కలిపిన దేవుడే. అంతదూరం ఎందుకు, మా అవ్వ పేరు మస్తానమ్మ. కసుమూరు మస్తాన్ వలీ దర్గాలో మొక్కుకుంటే పుట్టిందట. ముస్లిం స్వామి పేరుకు మన ‘అమ్మ’ను తగిలించారు. నేను చదివిన బడిలో మస్తానయ్య అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు లేచేవాళ్లు, పెంచలయ్య అన్నా అంతే. తన సొంత అమ్మ మస్తానమ్మ పేరుకు అర్థమేందని పెదనాన్న ఎప్పుడన్నా అడిగాడా?

ఆ మాటే అంటే ‘‘అది మొక్కురా అబ్బయా, దీనికీ దానికీ పోలికేంది’’ అన్నాడు. అదీ నిజమే. మస్తానమ్మ అనగానే ఎందుకు పెట్టారో ఊరంతటికీ తెలుస్తుంది, దివిశ సంగతి మనం చెప్తేగానీ తెలియదు. అవ్వకు ఇవేవీ పట్టలేదు. మునిమనవరాలిని అప్పుడే ‘దివ్వమ్మా’ అని పిలుస్తోంది.

నా టెన్షన్ వేరే. ఇంగ్లీషులో రాస్తే శ, ష ఒకటే. సర్టిఫికెట్‌లో ‘దివిష’ అని పడిందంటే పిల్ల పేరులో విషం చేరినట్టే! పుట్టిన 21 రోజుల్లోపు చేయాల్సిన నమోదు అయిపోయింది, పేరు గడి మాత్రం ఖాళీ. ఏడాదిలోపు చేర్పిస్తే ఫీజు ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్లదాకా చేర్పించుకోవచ్చు. అంతదాకా ఆగడమెందుకని రేపే బావతో కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తున్నా, తెలుగు అక్షరాలు కాగితం మీద పెద్దగా రాసుకొని. పెదనాన్న కూడా వస్తానన్నాడు. అక్కడ గుమస్తాకు సంధులు చెప్పకుండా ఉంటే చాలు.