సమ్ అండ్ సబ్‌స్టెన్స్ హోస్టా: మూడో ఏడాది ఆకుల రంగు

ఆకుల అందం కోసం నీడలో పెంచే హోస్టా మొక్కల్లో ఇది భారీ రకం. ముదిరితే రెండున్నర అడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు వస్తుంది కాబట్టి పక్క మొక్కకి నాలుగడుగులైనా ఎడం ఉంచాలి. వేర్లు లోతుకి దిగవు, పక్కలకి పాకుతాయి. అందుకే గుంత 30 సెం.మీ. లోతు చాలు, వెడల్పు మాత్రం 90 సెం.మీ. తవ్వి, తీసిన మట్టిలో మూడో వంతు మాగిన కంపోస్టు కలిపాం. మొక్క మొదలు కుండీలో ఉన్నప్పటి మట్టానికే ఉండాలి, లోతుగా కూరితే కుళ్ళుతుంది.

మొదటి ఏడాది చెప్పుకోడానికేం లేదు. రెండో ఏడాది ఆకు పెద్దదైనా మామూలు ఆకుపచ్చలోనే ఉండిపోయింది. నీడ మొక్క అన్నారు కదా అని చిక్కటి నీడలో పెడితే ఈ రకానికి పసుపు తేలదు. పైన చెట్టు కింది కొమ్మలు కొట్టేశాక పొద్దున రెండు మూడు గంటల ఎండ పడుతోంది. ఈ మూడో ఏడాది ఆకులు లేతాకుపచ్చగా విచ్చుకుని, ఎండ తగిలేకొద్దీ నిమ్మపసుపులోకి తిరిగాయి. మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. అందులోనూ నీరు తక్కువైతే అంచులు గోధుమరంగుకి మారి కాగితంలా పెళుసుబారతాయి.

నీళ్ళు వారానికి 2.5 సెం.మీ. వాన లెక్కన, పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి. చెట్టు వేర్లు సగం తాగేస్తాయి, అది మర్చిపోకూడదు. మల్చ్ (నేల మీద పరిచే ఎండాకుల లాంటి కప్పు) 5 సెం.మీ. మందం, మొదలుకి తగలకుండా.

ఆకు దళసరి కాబట్టి నత్తల బెడద తక్కువే. కానీ చుట్ట విప్పని లేతాకుని ఒక్కచోట కొరికినా, విచ్చుకున్నాక వరసగా నాలుగైదు చిల్లులు కనిపిస్తాయి. మొలకలు నేల చీల్చుకు రాగానే నత్తల్ని చంపే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పలచగా చల్లాలి.

అసలు భయం హోస్టా వైరస్ ఎక్స్ అనే తెగులు. పసుపు ఆకు మీద నరాల వెంబడి సిరా పాకినట్టు ముదురాకుపచ్చ చారలు వస్తే అనుమానించాలి. కొత్త రంగేదో వచ్చిందని మురిసిపోయి దాన్నే పంచుకునేవాళ్ళూ ఉన్నారు! మందు లేదు. వేర్లతో సహా పీకి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. రసం అంటిన కత్తితో పక్క మొక్కకి పాకుతుంది కాబట్టి మొక్క మొక్కకీ కత్తి శుభ్రం చేయాలి.

చలికాలంలో ఆకులు పూర్తిగా రాలిపోతాయి. కొన్ని వారాల గట్టి చలి లేని చోట మొక్క ఏటేటా చిక్కిపోతుంది. పిలకలు విడదీయడం ఇప్పుడప్పుడే లేదు. తొందరపడి కోస్తే ఆకు మళ్ళీ చిన్నదైపోయి, ఈ సైజుకి రావడానికి ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది.