ఆరబెట్టడం చిన్న పనేం కాదు

కేటలిస్టుల (రియాక్షన్ వేగం పెంచే పదార్థాల) మీద పేపర్లు చదివేవాళ్లకి ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: "శాంపిల్‌ను 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాం." ఆ వెంటనే పేజీల కొద్దీ ఎక్స్‌రే గ్రాఫులు, మైక్రోస్కోప్ ఫొటోలు. రాత్రంతా ఆ ఓవెన్‌లో ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయరు. కేటలిస్టు బాగుపడేదీ పాడయ్యేదీ చాలావరకు అక్కడే అని నా నమ్మకం.

నేను పనిచేసేది అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద నికెల్‌తో. కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి మీథేన్‌గా మార్చే పని. 1902లో ఫ్రాన్స్‌లో సబాటియే, సెండెరెన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు నికెల్ మీదే ఈ రియాక్షన్ చేసి చూపించారు. గామా అల్యూమినా చూడ్డానికి తెల్లటి గుళికలే గానీ, లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు. ఒక్క గ్రాములో దాదాపు 200 చదరపు మీటర్ల ఉపరితలం దాగి ఉంటుంది. ఆ గోడలన్నిటి మీదా నికెల్‌ను చిన్న చిన్న కణాలుగా పరచాలి.

ముందు గుళికలు ఎంత నీళ్లు తాగుతాయో చూసుకోవాలి. తూకం వేసిన గుళికల మీద బ్యూరెట్‌తో చుక్క చుక్కగా వేస్తూ కలుపుతుంటే, ఒక దశలో అవి బీకరు గోడకి అంటుకోవడం మొదలుపెడతాయి. రంధ్రాలు నిండాయన్నమాట. గ్రాముకి 0.6 మిల్లీలీటర్లు తాగాయనుకోండి, 10 గ్రాములకి 6 మిల్లీలీటర్లు. పూర్తయిన కేటలిస్టులో 10 శాతం నికెల్ కావాలంటే నికెల్ నైట్రేట్ ఉప్పు ఐదున్నర గ్రాములు పడుతుంది. ఇక్కడ జాగ్రత్త. ఉప్పులో 6 మిల్లీలీటర్ల నీళ్లు పోయడం కాదు, ఉప్పు కరిగాక గుళికల మీద పోసే మొత్తం ద్రావణం 6 మిల్లీలీటర్లు కావాలి. ఉప్పు కూడా చోటు తీసుకుంటుంది కదా.

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఇదంతా చక్కగా చేసింది. చేసి, "అక్కా, పోయడం అయిపోయిందిగా, ఓవెన్‌లో పెట్టేసి వెళ్లిపోదామా?" అంది.

"ఉండమ్మా, రెండు గిన్నెల్లో పెడదాం" అన్నాను. సగం గుళికలు ఫ్యాన్ ఉన్న వేడి ఓవెన్‌లోకి, సగం మూత సందిచ్చి బల్ల మీద. ఆరాక రెండింటిలోంచీ ఒక్కో గుళిక తీసి బ్లేడుతో నిలువునా కోశాం. బల్ల మీద మెల్లగా ఆరినది అంచు నుంచి నడిమి దాకా దాదాపు ఒకే లేతాకుపచ్చ. ఓవెన్‌లోది చుట్టూ చిక్కటి ఆకుపచ్చ పట్టీ, మధ్యలో తెల్లగా అల్యూమినా. పైన చూస్తే రెండూ ఆకుపచ్చగానే ఉన్నాయి. నికెల్ శాతం కొలిచినా రెండింటికీ ఒకటే వస్తుంది. కోస్తే తప్ప తేడా తెలియదు.

తెల్లబట్ట మీద కాఫీ చుక్క ఆరితే అంచు ముదురుగా, మధ్యలో లేతగా ఉంటుంది కదా, ఇదీ ఆ బాపతే. నీరు ఆవిరయ్యేది గుళిక పైపొర నుంచి. ఆ లోటు పూడ్చడానికి సన్నటి రంధ్రాలు లోపలి ద్రావణాన్ని బయటికి లాగుతాయి, దానితో పాటే ఉప్పూ వస్తుంది. పైపొరలో ఉప్పు చిక్కబడేకొద్దీ కొంత వెనక్కి, లోపలికి వ్యాపించాలని చూస్తుంది. ఆవిరి మెల్లగా పోతే దానికి టైమ్ దొరుకుతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే దొరకదు. ద్రావణం తెగిపోయి విడివిడి మడుగులయ్యాక ఇక ఎక్కడిది అక్కడే.

అన్ని లోహాలూ ఇలా కొట్టుకుపోవు. గామా అల్యూమినా ఉపరితలం మీద పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 8 దగ్గర ఏ ఆవేశమూ ఉండదు. అంతకంటే ఆమ్లంగా ఉంటే ధనావేశం ఎక్కుతుంది. క్లోరోప్లాటినిక్ ఆమ్లంలోని ప్లాటినం రుణావేశంతో ఉంటుంది కాబట్టి గోడకి గట్టిగా అతుక్కుంటుంది. ఎంత గట్టిగా అంటే, లోపలికి వెళ్లకుండా వాకిట్లోనే ఆగిపోతుంది. సిట్రిక్ ఆమ్లం కలిపితే అది కూడా చోటు కోసం పోటీ పడి ప్లాటినంను లోపలికి తోస్తుంది. మా నికెల్ ధనావేశం. నైట్రేట్ ద్రావణమేమో ఆమ్లం. గోడ పట్టుకోదు. అందుకే దాని బతుకంతా ఆరబెట్టడం మీదే ఆధారపడి ఉంది.

ఇంకో సంగతి. నికెల్ నైట్రేట్ 57 డిగ్రీల దగ్గర తన స్ఫటికాల్లో ఉన్న సొంత నీటిలోనే కరిగిపోతుంది. 110 డిగ్రీల ఓవెన్‌లోంచి తీసినా అది పూర్తిగా ఎండినట్టు కాదు. పైగా గాలిలో తేమ పీల్చుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో హైదరాబాద్ ముసురు పట్టినప్పుడు "రేపు ఫర్నేస్‌లో కాలుద్దాంలే" అని బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి గుళికలు తడితడిగా ఉంటాయి, ఉప్పు మళ్లీ కదులుతుంది. డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని గాజు పాత్రలో) పెట్టండి, లేదా అటునుంచి అటే ఫర్నేస్‌లోకి పంపండి.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు ఈ విషయం మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు, నాకు వాళ్లంటే చాలా గౌరవం. నైట్రేట్ బదులు సిట్రేట్ లాంటివి వాడితే ఆరేకొద్దీ ద్రావణం జిగురుగా మారి ఎక్కడికీ కదలదని 2003లో చూపించారు. 2007లో ఇంకో అడుగు వేశారు: ఎండిన నైట్రేట్‌ను మామూలు గాలిలో కాకుండా కొద్దిగా నైట్రిక్ ఆక్సైడ్ కలిపిన వాయువులో కాలిస్తే, అది నెమ్మదిగా విడిపోయి చాలా చిన్న కణాలు వస్తాయి.

లోహం అంచున చేరడం ప్రతిసారీ తప్పు కాదు. ఇథిలీన్‌లో మిగిలిన ఎసిటిలీన్‌ను తీసేసే పల్లాడియం కేటలిస్టులను కావాలనే అలా చేస్తారు. లోపల కూడా పల్లాడియం ఉంటే, ఇథిలీన్ గుళిక లోపలిదాకా వెళ్లి నిలిచిపోయినప్పుడు అది కూడా హైడ్రోజన్ పట్టేసి ఈథేన్ అయిపోతుంది. అంచున కావాలని చేయడం వేరు, తెలియకుండా జరగడం వేరు.

థీసిస్ రాస్తున్నవాళ్లు దయచేసి ఇవి రాయండి: ఓవెన్‌లో ఫ్యాన్ ఉందా లేదా, గిన్నెలో గుళికలు ఎన్ని పొరలు, మూత ఉందా, ఓవెన్‌కీ ఫర్నేస్‌కీ మధ్య శాంపిల్ ఎక్కడ ఎంతసేపు ఉంది, ఫర్నేస్ నిమిషానికి ఎన్ని డిగ్రీలు పెరిగింది. కోసిన గుళిక ఫొటో ఒకటి, ఫోన్‌తో తీసిందైనా సరే. పేపర్‌లో చోటు లేదంటే దానికి జతచేసే సప్లిమెంటరీ ఫైల్‌లో పెట్టండి, అక్కడ పేజీల లెక్క ఎవరూ అడగరు.