హేర్‌వుడ్ హౌస్ నిలువుటద్దాలు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ హౌస్ అనే పాత జమీందారీ భవంతి చూసి వచ్చాను. ఎన్ని గదులు తిరిగినా నా కాళ్లు కదలనంది గ్యాలరీలోని బంగారు చట్రాల నిలువుటద్దాల దగ్గరే. 18వ శతాబ్దంలో రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి గదుల అలంకరణ రూపొందిస్తే, ఈ అద్దాలతో సహా సామాను సమకూర్చింది పేరుమోసిన ఫర్నిచర్ పనివాడు థామస్ చిప్పెండేల్. 1718లో ఆయన పుట్టిన ఆట్లీ అక్కడికి దగ్గరే. ఊరి వడ్రంగి కొడుకు పనితనానికి జమీందారు ఇల్లే కొలువైంది!

బంగారమంతా పైపైనే. లోపల చెక్క. ఆ కాలపు పద్ధతిలో చెక్క మీద సుద్దా జిగురూ కలిపిన పూత, దానిపై ఎర్రమట్టి, ఆపైన ఊదితే ఎగిరిపోయేంత పలుచని బంగారు రేకు. మెరుపు కోసం నున్నటి రాయితో రుద్దేవారు. అద్దం వెనకేమో తగరం, పాదరసం. ఆ పాదరసం ఆవిరి పీల్చి చేతులు వణికే జబ్బు తెచ్చుకున్న పనివాళ్ల గురించి ఎవరు తలచుకుంటారు? కిటికీల మధ్య అద్దాలు పెట్టడం వట్టి షోకు కూడా కాదు, రాత్రిళ్లు కొవ్వొత్తుల వెలుగు గదంతా పరుచుకోవడానికి.

కిటికీల పైన పట్టుగుడ్డ మడతల్లా వేలాడేవి కూడా చెక్కే. అదే నాకు మరీ ముచ్చటేసింది.

ఇల్లు కట్టించిన ఎడ్విన్ లాసెల్స్ కుటుంబం సంపద వెస్టిండీస్ చెరకు తోటలది, అక్కడి బానిసల చాకిరీది. ఇప్పుడు ఆ సంగతిని అక్కడ దాచడం లేదు. అది తెలిశాక ఆ అద్దాల ముందు ఫోటో దిగాలనిపించలేదు. పక్కవాళ్లు మాత్రం ఫోన్లతో వరుస కట్టారు.